గుండెదడకు అర్థం చెప్పిన మా ఎదురింటి ఆంటీ

మా ఎదురింటి ఆంటీ పోయారు. మొన్న ఆదివారం పొద్దున వాళ్ళమ్మాయి మా తలుపు కొట్టి, "మమ్మీ నహీ రహీ, భయ్యా" అంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు ఆ అమ్మాయికి. నేను తెలుగులోనే ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

ఆంటీది అనంతపురం. ఢిల్లీలో ఒక మెడికల్ కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరై, ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేవారు. ఇన్నేళ్ళ ఢిల్లీ ఆమె యాసను ఏమీ చేయలేకపోయింది. వేయించిన శనక్కాయలు నములుతూ, పేపర్లో రాసినవాళ్ళతో పైకే వాదన పెట్టుకునేవారు. ఎవరైనా ఒంట్లో బాగోలేదని చెప్పి, "ఊరికే వచ్చిందిలెండి" అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ఒంట్లో ఊరికే ఏదీ రాదప్పా. కారణం మనకు తెలీకపోవచ్చు, అంతే."

ఆ మాట నాకు ఎంత అవసరమో మొదట్లో తెలియలేదు.

సాకేత్‌లోని ఆఫీసుకు వెళుతుండగా ఒకరోజు మెట్రో సొరంగంలో ఆగింది. కాసేపట్లో కదులుతుందని ప్రకటన వినపడుతూనే ఉంది. కానీ నా గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా గాలి చాలలేదు. చుట్టూ భుజాలు, బ్యాగులు. ఇక్కడే చచ్చిపోతాననుకున్నాను. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, "అంతా నార్మల్. టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఏమీ లేదన్న ఆ మాటే నన్ను ఇంకా బిగించింది. ఏమీ లేకపోతే మరి ఇదేమిటి?

అక్కడి నుంచి నా లోకం కుంచించుకుపోయింది. మెట్రో మానేశాను. తర్వాత లిఫ్ట్. తర్వాత తలుపులు మూసిన మీటింగ్ గదులు. ఇంట్లో ఉన్నా, మళ్ళీ ఎప్పుడొస్తుందోనని నా గుండెకు నేనే కాపలా కాస్తుండేవాణ్ణి.

ఒక సాయంత్రం కూరలు తీసుకుని మెట్లెక్కుతుంటే దడ మొదలై మధ్యలోనే కూలబడ్డాను. ఆరోజు లిఫ్ట్ పనిచేయక, ఆంటీ మెట్ల మీదుగా దిగివస్తున్నారు. మోకాళ్ళ నొప్పితోనే నా పక్కన కూర్చున్నారు.

"ఏమైందప్పా? చేతి ఏళ్ళు తిమ్మిరెక్కినాయా?"

తలూపాను. "ఊపిరి అందట్లేదు ఆంటీ."

"అందక కాదు, ఎక్కువై. నిదానంగా వదులు. పీల్చడం సంగతి ఒంటికే తెలుసు, నువ్వు వదిలేది చూసుకో."

దడ తగ్గాక నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి మా ఆవిడను కూడా పిలిచారు. ముందు మెట్రో సంగతంతా విని, నా రిపోర్టులన్నీ చదివారు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టారు.

"ఈదికుక్క ఎంటబడిందనుకో. ఒళ్ళు నిన్ను అడగదు. అడ్రినలిన్ వదుల్తాది, గుండె గబగబా కొట్టుకుంటాది, ఊపిరి జోరైతాది. పరిగెత్తేకి. నువ్వేమో మెట్రో డబ్బాలో కదలకుండా నిలబడ్డావు. పరుగు లేకుండా ఊపిరి మాత్రం పరుగెత్తితే ఏమైతాది?"

రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుందట. తల తిరగడం, తిమ్మిర్లు దానివల్లేనట. వాటిని చూసి చావొచ్చిందని మనం భయపడతాం. ఆ భయానికి ఒళ్ళు మళ్ళీ అడ్రినలిన్ వదులుతుంది. లేని కుక్కకు భయపడి, ఆ భయానికే మళ్ళీ భయపడటం.

నేను నమ్మలేదు. అది ఆమె కనిపెట్టారు. "సరే, గబగబా ఊపిరి తియ్యి. నేనూ తీస్తా."

డెబ్బై దాటిన ఆవిడ సోఫాలో కూర్చుని నాతోపాటు రొప్పారు. కాసేపటికి అదే తిమ్మిరి, అదే తల తిరుగుడు.

"ఇప్పుడు నిన్ను ఎవరు తరుముతాండారు?" అన్నారు ఆయాసపడుతూనే. తన వేళ్ళు చూపించి నవ్వారు. "నాగ్గూడా జుమ్మంటాండాయి, చూడు!"

మా ఆవిడ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"నేను పాఠం చెప్పేదాన్నప్పా, వైద్యం చేసేదాన్ని కాదు" అంటూ తన పాత విద్యార్థిని అయిన ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆ డాక్టరు చెప్పినట్టే మళ్ళీ లిఫ్ట్ ఎక్కడం మొదలుపెట్టినప్పుడు ఆంటీ నా పక్కన నిలబడేవారు. తలుపు మూసుకుంటుంటే నేను బయటికి చూసేవాణ్ణి. "పారిపోవద్దు, పోట్లాడొద్దు. వస్తాది, ఉంటాది, పోతాది" అనేవారు. తర్వాత మెట్రోలోనూ వచ్చారు. ఇప్పటికీ సొరంగంలో రైలు ఆగితే నా ఒళ్ళు బిగుసుకుంటుంది. కాకపోతే, దిగి పారిపోను.

కిందటేడు ఆంటీకే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. ఆక్సిజన్ యంత్రం పైపు ఎంతవరకు వస్తే అంతవరకే ఆమె ఇల్లు. మంచం నుంచి కిటికీ దాకా. అడగలేక అడగలేక ఒకరోజు అడిగాను, భయమేస్తుందా అని.

"వేస్తాది. ఊపిరి నిజంగానే అందక కొంత, భయంతో కొంత. ఏది ఏదో తెలుసు కాబట్టి సగం తగ్గుతాది. మిగతా సగానికి నువ్వొచ్చి కూర్చో."

వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆమె వదిలే ఊపిరితో నా ఊపిరి కలిపేవాణ్ణి.

చివరిసారి చూసింది శనివారం మధ్యాహ్నం. బయట బూడిదరంగు పొగ. కిటికీలన్నీ మూసేశారు. ఆంటీ నా వైపు చూసి, "కొంచెం తెరువప్పా" అన్నారు.

"నహీ మమ్మీ, హవా బహుత్ ఖరాబ్ హై" అంటూ, బయటి గాలి మంచిది కాదని కూతురు అడ్డుచెప్పింది.

"తెలుసులే. కొంచెమే."

కూతురు నా వైపు చూసి తల తిప్పుకుంది. అద్దాన్ని కాస్త జరిపాను. ఎవరింట్లోనో కుక్కర్ ఈల వేసింది. కింద పిల్లలు ఔటా కాదా అని పోట్లాడుకుంటున్నారు. ఆంటీ కళ్ళు మూసుకుని, అద్దం మళ్ళీ మూసుకుపోకుండా, ఆ సందులో రెండు వేళ్ళు పెట్టి వింటూ కూర్చున్నారు.