తొక్కుడు ఆగిన మిషను

నేను చదివింది ఏడో తరగతి, అదీ మా పల్లె బడిలో. అయినా గోదాములో మూటలు మోసే కూలీగా చేరి, మేస్త్రీ హోదాలో బయటికొచ్చాను. మా వీధిలో దీపాలు వెలుగుతున్నాయంటే నేను ఆఫీసుల చుట్టూ తిరిగినందుకే. ముసలివాళ్లందరినీ పోగేసి పొద్దుటి నడక సంఘం పెట్టాను. చేతికర్ర లేనిదే గడప దాటని మనుషులు ఇప్పుడు కర్ర చంకలో పెట్టుకుని నడుస్తున్నారు. మనది మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? ఇన్ని చేసినవాణ్ణి, తోడబుట్టినవాణ్ణి మాత్రం కుర్చీలోంచి లేపలేకపోయాను. వాడి సంగతే ఇది.

మా తమ్ముడు టైలరు. ఇంటి ముందు గదిలోనే వాడి తొక్కుడు మిషను. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా దడదడ మోగుతూనే ఉండేది. అందుకే వీధివాళ్లు వాడికి ‘రైలు మాస్టరు’ అని పేరు పెట్టారు. మాటలు తక్కువ. ఇంట్లో మాటా మాటా పెరిగితే నోరు మూసుకుని వెళ్లి మిషను ముందు కూర్చునేవాడు.

“బావగారూ, కాసేపు అటు వెళ్లకండి. మీ తమ్ముడు నా మీద కోపం దిండు గలీబుల మీద తీర్చుకుంటున్నారు,” అనేది మా మరదలు.

గోడలు అదిరేవి. పోనుపోను చప్పుడు నెమ్మదించేది. వాడు చెమట తుడుచుకుంటూ వచ్చి, ఏమీ జరగనట్టు “మంచినీళ్లున్నాయా?” అని నవ్వేవాడు.

తండ్రి కాళ్లు అరిగిపోతున్నాయని కూతురు బాధపడింది. అల్లుడు కరెంటు మిషను కొనుక్కొచ్చాడు.

“ఇక కాలు మీద కాలేసుకుని కుట్టు నాన్నా,” అంది పిల్ల.

పాత మిషను చోటు తింటోందని పాత ఇనుము కొట్టుకి వేసేశారు. ప్రేమతో చేసిన పనే. వాడూ సంబరపడ్డాడు. బొటనవేలు ఆనిస్తే చాలు, కుట్టు పరుగెత్తుతోందని వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. నిద్ర పట్టడం లేదన్నాడు. అన్నం ముందు కూర్చుని గోడ చూసేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరిదో చొక్కా కాలరు చేతిలో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకని అడిగితే వాడికే తెలియదు. తర్వాత, కత్తిరించని బట్టలన్నీ వెనక్కి పంపేసి కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఓపిగ్గా చూసి నాతో అంది. “దిగులు జబ్బు. మాత్రలిస్తాను, మానకుండా వేసుకోవాలి. అవొక్కటే చాలవు పెద్దాయనా, ఒళ్లు కదలాలి. ఒళ్లు కదిలితే నిద్ర పడుతుంది, మనసు తేలికపడుతుంది.”

“ఈ మాట మా సంఘంలో నేను రోజూ చెప్పేదేనమ్మా.”

“అయితే ఈయన బాధ్యత మీదే.”

మర్నాడే బయల్దేరదీశాను. వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

“ఎక్కడికన్నయ్యా?”

“ఎక్కడికీ లేదురా. ఊరికే నడవడమే.”

“నాకు పని లేదని వీధి వీధికీ చాటుకోవడానికా?”

బుజ్జగించాను, తిట్టాను, గోదాములో కేకేసినట్టు కేకేశాను. వందమంది కూలీలను ఒక్క పిలుపుతో లేపిన గొంతు నాది. వాడు వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు.

ఆ పూటే చూశాను. కుర్చీలో కూర్చున్నవాడి మడమలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. కింద ఉన్నది వట్టి నేల.

“ఏం చేస్తున్నావురా?”

పాదాలు చూసుకుని సిగ్గుపడ్డాడు. “తొక్కుతుంటే తల ఖాళీ అయ్యేదన్నయ్యా. ఇప్పుడేమో లోపలికొచ్చింది లోపలే ఉండిపోతోంది.”

నేను, అల్లుడు పరుగెత్తాం. ఇనుము కొట్టులో వాడి మిషను ఎప్పుడో ముక్కలైపోయింది. ఊరంతా గాలించి, మూతబడ్డ కుట్టు బడి నుంచి మరొకటి మోయించుకొచ్చాం. మరదలు నూనె వేసి తుడిచింది. కూతురు కొత్త బెల్టు బిగించింది. అందరం చుట్టూ నిలబడ్డాం, పెళ్లికొడుకుని పీట మీద కూర్చోబెట్టినట్టు.

వాడు గుడ్డ పెట్టి, కింది తొక్కుడు పలక మీద పాదాలు ఆనించి తొక్కాడు. అన్నాళ్లు కూర్చున్న కాళ్లు మాట వినలేదు. చక్రం వెనక్కి తిరిగింది, దారం పుటుక్కున తెగింది. మళ్లీ ఎక్కించి తొక్కాడు. మళ్లీ వెనక్కే. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది.

“పర్లేదు మామయ్యా, మిషను పాతది కదా,” అన్నాడు అల్లుడు.

“మిషను బాగానే ఉంది బాబూ,” అని వాడు లేచి వెళ్లి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. మాత్రలు వేసుకుంటున్నాడు. అన్నం ముద్దలు లెక్కకి తింటున్నాడు. మరదలు నన్ను పక్కకి పిలిచి, “ఏదో ఒకటి చెయ్యండి బావగారూ,” అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏం చెయ్యను? నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి.

ఇవాళ వాడి ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి ఒక్కటే అడిగాను. “పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదట్లో దారం ఇచ్చేవాడివా?”

“లేదు. చక్రం ముందుకి తిరిగేదాకా వట్టి మిషనే తొక్కించేవాణ్ణి.”

“అదే చెయ్. గుడ్డా వద్దు, దారమూ వద్దు. మేమెవ్వరం చూడం.”

“ఈ వయసులో శిష్యరికమా?”

లేచి వీధి అరుగు మీదికి వచ్చేశాను. చాలాసేపటికి లోపల కుర్చీ జరిగింది. ముందుగది తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడు. పలక ఒకసారి కదిలి ఆగింది. ఇంకోసారి కదిలింది, చక్రం నాలుగు చుట్లు తిరిగి మళ్లీ ఆగింది. మరదలు ఆ తలుపు వైపు వెళ్లబోతే చెయ్యడ్డం పెట్టాను.

“వెళ్లకమ్మా.”

“ఆగిపోయిందిగా బావగారూ.”

“ఆగిందిలే. ఉండు.”

ఇద్దరం అలాగే నిలబడ్డాం. చక్రం ముందుకి తిరిగిందో వెనక్కి తిరిగిందో బయటి నుంచి తెలియదు.