తలో పిడికెడు

మాది బరంపురంలో తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న కుటుంబం. బట్ట సరిగ్గా కొలవడం చేతకాక నేను మనుషుల్ని కొలిచే ఉద్యోగంలో పడ్డానని మా అన్నయ్య ఎత్తిపొడుపు. ఛత్రపూర్ దాటాక ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. అక్కడ ఆడవాళ్ళు రొయ్యల్ని ఒలుస్తారు, నేను వాళ్ళ పనిలో తేడాలకు కారణాల్ని ఒలుస్తాను. వాళ్ళ ఒలుపులో తినేది మిగులుతుంది. నా ఒలుపులో పొట్టే ఎక్కువ.

మొన్నటి వానాకాలం దాకా తూకం మనిషికి కాదు, బల్లకి. ఒక్కో బల్ల చుట్టూ ఒకే ఊరివాళ్ళు, వరసకు వదినలో పిన్నులో అయినవాళ్ళు, నిలబడి ఒలిచేవారు. సాయంత్రం మొత్తం తూచి, కూలి సమంగా పంచేవాళ్ళం. భువనేశ్వర్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు దాన్ని మార్చాడు. మనిషికో గిన్నె, గిన్నెకో తూకం. వెనకబడినవాళ్ళ గేటు పాసు ఆగిపోతుంది. ముందున్నవాళ్ళకు కొత్తగా కట్టిన అద్దాల గదిలో నెలజీతం పని. ఆయన చెడ్డవాడేం కాదు. కష్టపడేవాళ్ళకు గుర్తింపు రావాలన్నది ఆయన పట్టుదల. అందరి పనితీరూ రాసి ఇమ్మన్నాడు. ఆ పని తీరేది కాదని నాకు మొదటిరోజే అర్థమైంది.

మూలబల్ల దగ్గర ఒకావిడ పనిచేసేది. భర్త గుజరాత్ పడవల మీదకు వేటకు వెళ్ళాడు. అతను డబ్బు పంపేదాకా ఇల్లు గడిచేది ఆమె కూలితోనే. ఒలిచి ఒలిచి కుడిచేతి మణికట్టు వాచి, బొటనవేలు మడతపడడం మానేసింది. ఒకరోజు పని మొదలవకముందే నా దగ్గరికి వచ్చి చెయ్యి చూపించింది.

"సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళమ్మా," అన్నాను.

"సెలవెడితే పాసు పోతాది గదా బాబూ. ఎలాగో నిలబడతాను. ఈ సెయ్యొకటే మాటినట్లేదు."

నేను కళ్ళజోడు తీసి తుడిచాను. ఏం చెప్పాలో తోచనప్పుడు నేను చేసే పని అదే. అందుకే మా ఆఫీసులో నా కళ్ళజోడంత శుభ్రమైన వస్తువు ఇంకోటి లేదు.

వాళ్ళ ఊళ్ళో, సముద్రపు ఒడ్డున, ఒక అలవాటుంది. ఎవరింట్లోనైనా జ్వరమో పురుడో వచ్చి ఆ ఇంటి ఆడమనిషి పడవలు తెచ్చిన చేపల దగ్గరికి రాలేకపోతే, వచ్చినవాళ్ళు తలో పిడికెడు తీసి ఆమె బుట్టలో వేస్తారు. వేసినట్టు ఎవరూ పైకి చెప్పరు. చెప్పుకుంటే ఇచ్చినట్టు కాదట. ఆ రోజు మూలబల్ల దగ్గరా అదే జరిగింది. తను తప్ప ఇంకెవరూ వెయ్యడం లేదేమోనని ప్రతి ఒక్కరూ ఆమె గిన్నెలో ఇంకో పిడికెడు కలిపారు. సాయంత్రం తూకం చూస్తే, చెయ్యి ఆడని ఆ మనిషే ఫ్యాక్టరీ మొత్తానికి మొదటిది.

మేనేజరు చప్పట్లు కొట్టించాడు. సోమవారం విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని, వాళ్ళముందు అద్దాల గదిలో ఆమె ఒలిచి చూపాలని ప్రకటించాడు. శిక్ష విన్నట్టు ఆమె తల దించుకుంది.

నేను బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, వాళ్ళు హుమ్మ వైపు వెళ్ళే ఆటో కోసం పక్కనే నిలబడ్డారు. అప్పటికే పంచాయితీ నడుస్తోంది.

"ఏటే, నువ్వెన్ని పిడికిళ్ళేసినావు?" అని పిన్ని వరసైన పెద్దావిడ ఒక పడుచుని నిలదీసింది.

"నువ్వెయ్యలేదనుకుని నీ వంతు కూడా నానే ఏసినాను పిన్నీ."

"నానెందుకెయ్యను? నా సేతులేటి పడిపోనాయేటి?"

"ఓలమ్మో! అందరం కలిపి దీన్ని మహారాణిని సేసేసినాం!"

అందరూ నవ్వారు. ఆమె ఏడుస్తోందని చూసి ఆపేశారు.

"నవ్వకండే వదినా. అద్దాల గదిలో నన్నొక్కదాన్నే నిలబెడతారు. అక్కడెవలు నా గిన్నెలో పిడికిళ్ళేత్తారు?"

పెద్దావిడ నావైపు తిరిగింది. "సదూకున్నోరు గదా బాబూ, దీన్ని ఎనక్కి లాగడానికి ఏటి దారి?"

"వెనకబడినవాళ్ళని ముందుకు తేవడమే నాకు నేర్పారమ్మా. ముందుకెళ్ళినవాళ్ళని వెనక్కి తేవడం మా పాఠాల్లో లేదు."

"అయితే మేనేజరు బాబుకి మీరే సెప్పండి," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఉన్నదున్నట్టు సెప్పండి."

మర్నాడు చెప్పాను. "ఆమె బాగా పనిచేస్తుందా, చెయ్యదా? ఒక్కమాటలో చెప్పండి," అన్నాడాయన ఒడియాలో.

"ఆ బల్ల దగ్గరైతే చేస్తుంది సార్."

"బల్లకి జీతం ఇవ్వలేం కదా?"

"మొన్నటిదాకా బల్లకే ఇచ్చాం."

అద్దాల గది తప్పించాడు. మోసమనీ అనలేదు. కూలి లేకుండా కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు, పాసు ఉంచాడు. గెలిచాననుకుంటూ తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచాడు. "ఇకమీదట చుట్టాలు ఒకే బల్ల దగ్గర వద్దు. అందర్నీ విడదీయండి."

విడదీసింది నేనే. వరసలు తెలిసినవాణ్ణి నేనే కదా. హాల్లో మాటలు ఆగిపోయాయి, గిన్నెల చప్పుడు మాత్రం మిగిలింది. మొత్తం తూకం పెరగకపోగా తగ్గింది. కారణం రాయమంటే 'మాటలు తగ్గడం' అని రాశాను. మాటలు కూడా ముడిసరుకేనా అని ఆయన అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి వాపు తగ్గింది గానీ వేలు ఇంకా సగమే మడతపడుతోంది. కొత్త బల్ల దగ్గర వేరే ఊళ్ళవాళ్ళు. మంచివాళ్ళే, కాకపోతే ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకుంటున్నారు. హాలు అవతలి చివర నుంచి పిన్ని మాటిమాటికీ ఇటు తిరిగి చూస్తూ తన తూకమూ పోగొట్టుకుంది. అయినా సాయంత్రం అందరికంటే వెనక ఉన్నది వేలు మడతపడని ఈమే.

గేటు దగ్గర నన్ను ఆపింది. "రేపు రమ్మంటారా బాబూ?"

పాసు సంగతి తేల్చేది మేనేజరు. ఆయన కారు అప్పటికే వెళ్ళిపోయింది. కళ్ళజోడు తుడవబోయి మానేశాను. "రామ్మా," అన్నాను.

ఆమె ఆ మాట నమ్మి ఆటో ఎక్కింది. మర్నాడు ఆమెకంటే ముందే గేటు దగ్గరుండాలని బరంపురం హల్దియాపదర్‌లో తొలి బస్సు ఎక్కాను. పాసు ఆగినవాళ్ళని లోపలికి వదలని వాచ్‌మన్‌కి ఏం చెప్పాలో ఛత్రపూర్ వచ్చినా తోచలేదు.