కాల్చకుండా తీసిన రాగి

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి మా అన్న కొండల్ చదువు ఆగింది. మళ్లీ తెరిచాక అతను వెళ్లలేదు. సైకిల్ వెనక గంప కట్టుకొని కేసముద్రం చుట్టుపక్కల పాత ఇనుము, రాగి కొనడం మొదలుపెట్టాడు. ఇరవై ఎకరాల ఇంట పుట్టి ఇదేం పని అని నాయిన ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు. అన్న పోయి మొన్నటికి ఏడాది. తలుచుకుంటే, ఆ పని మీద అతనికున్న నమ్మకమే ముందు గుర్తొస్తుంది.

విరిగిన నాగటి కర్రు దొరికితే తిప్పి తిప్పి చూసేవాడు. "గిది మళ్ల కరుగుతది తమ్మీ. గింత ఇనుము కోసం ఇంకో గుట్ట తవ్వే పని లేదు. రాయి కరిగించి తీసేదానికన్న దీనికి బొగ్గు గూడ తక్కువనే" అనేవాడు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో పాత లారీల వైర్లు మూటలకొద్దీ వచ్చాయి. లోపలి రాగి కావాలంటే పైతొడుగు పోవాలి. అందరిలాగే అన్నా వాటిని కాల్చాడు, మా ఊరి లంబాడీ తండా పక్క ఎత్తు మీద. రెండు రోజులు నల్లటి పొగ లేచింది. బూడిద అక్కడే వదిలేశాడు. తొలకరికి అది కొట్టుకొచ్చి తండావాళ్ల మంచినీళ్ల బావిలో పడింది.

మరునాడు తండా పెద్దామె తుల్సీబాయి మా వాకిట్లోకి వచ్చి బిందె దించింది.

"తాగు కొండలూ."

నీళ్ల మీద నూనెలాంటి పొర తేలుతోంది. అన్న వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"నువ్వు తాగవు. మా పిల్లలు తాగాల్నా?"

"తప్పయింది అవ్వా. బావిల పడతదనుకోలె."

"యాడిదో గుట్టను కాపాడుతున్ననని ఊరంత చెప్తివి. మా బావిని సంపితివి."



తండాకు మరో బావి లేదు. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి రైలు స్టేషన్ నుంచి నీళ్లు మోయసాగారు. అన్న ఎడ్లబండి మీద డ్రమ్ములతో రోజూ నీళ్లు చేరవేశాడు. మోటారు పెట్టి బావి తోడించాడు, పూడిక తీయించాడు. ఎత్తు మీది మసిమట్టిని గీకి, వాననీరు పారని చోట గొయ్యి తీసి పూడ్చాడు.

ఇక కాల్చనన్నాడు. కానీ ఇంకా ఏడు మూటలున్నాయి. తండాలోనే కూర్చొని చాకుతో చీరబోతే బొటనవేలు తెగింది. తుల్సీబాయి కోడలు జమ్లీ పకపకా నవ్వింది.

"అన్నకు బీరకాయ చెక్కుడు గూడ రాదు!"

ఆమె కత్తిపీట తెచ్చి కాలితో తొక్కిపట్టింది. ఎండకు బండ మీద మెత్తబడిన వైరును దాని అంచుకు ఆనించి సర్రున లాగింది. తొడుగు నిలువునా విచ్చుకొని మసి అంటని రాగి బయటపడింది.

"జర మెల్లగ పిల్లా! మళ్ల లాగు, సూడనియ్యి."

"కూలి ఇస్తవా, సూస్తనే కూసుంటవా?"

వారం తిరిగేసరికి ఆరు కత్తిపీటలు కూలికి పనిలోకి దిగాయి. వలిచిన తొడుగులను కూడా అన్న సంచుల్లో కట్టి, వరంగల్‌లో వాటిని కొనేవాళ్లకు పంపాడు.

వానలు బాగా పడ్డాయి. బావిలో పొర తేలని తేట నీళ్లు ఊరాయి. ఒక పొద్దున అన్న నీళ్లబండితో వస్తుంటే తుల్సీబాయి దారిలోనే ఎద్దుల ముకుతాడు పట్టుకొని ఆపింది.

"రేపటి సంది నీళ్లు తేకు. వైర్ల మూటలు తే. ఆడోళ్లు ఖాళీగ కూసున్నరు."