పోలీసుకు చెప్పొద్దన్న పాట

గల్ఫ్‌లోని సోహార్‌లో కొత్తగా పనిలో చేరిన ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు సరిగా రాదు గానీ, ఇంగ్లీషు ర్యాప్ పాటలంటే ప్రాణం. వాటికి అర్థం చెప్పేవాడు మా రూమ్‌లోని హైదరాబాద్ కుర్రాడు. ఎప్పుడూ మంచం పట్టె మీద దరువేస్తుంటాడని వాణ్ణి అందరం బీటు అనేవాళ్ళం. "పోలీసోడు అడిగితే నోరు ఇప్పొద్దు భాయ్. ఇప్పినోడు మనిషే కాదు. గల్లీ రూలు అది" అని ఓ పాటకి వాడు అర్థం చెబితే నేను భక్తిగా తలూపేవాణ్ణి. (మా జగిత్యాల గల్లీలో అలాంటి రూలేదీ లేదు, పోలీసు కనబడితే అడగనిది కూడా చెప్పేవాళ్ళు.)

ఒకరోజు పొద్దున్నే సైట్ గేటు ముందు మా కంపెనీ బస్సు ఆగి ఉంటే, ఓ తెల్ల కారు వెనక్కొచ్చి గుద్దింది. కారాయన తప్పంతా మా డ్రైవర్ చాచాదే అన్నాడు. చాచాది కడప. తప్పు ఆయన మీద పడితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. బస్సులో అందరూ నిద్రలో ఉన్నారు, చూసింది నేనొక్కణ్ణే. పోలీసాయన నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చి, నెమ్మదిగా "క్యా దేఖా, భాయ్?" అని, ఏం చూశావో చెప్పమన్నాడు. నేను చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి ఆకాశం చూశాను. "ఏందప్పా, చూసినావు గదా, చెప్పు" అని చాచా బతిమాలాడు. అయినా నా గడ్డం దిగలేదు.

ఇంతలో కళ్ళు నులుముకుంటూ బీటు దిగాడు. సంగతి వినగానే, "సాబ్, చాచాకీ గల్తీ నై. బస్ తో ధీరే ధీరే జారీ థీ" అని మొదలుపెట్టాడు. చాచా తప్పు లేదట, బస్సు మెల్లగా పోతోందట! చాచా తల పట్టుకున్నాడు. ఇక నా వల్ల కాలేదు. "ఆగున్నది సార్, బస్సు ఆగే ఉన్నది" అని తెలుగులోనే అరిచి, నేను బస్సులా నిలబడి, బీటును కారులా వెనక్కి నడిపించి గుద్దించుకున్నాను. పోలీసాయన పగలబడి నవ్వి, కారాయన వైపు చూశాడు. ఆయన తప్పు ఒప్పుకున్నాడు.

బస్సు కదిలాక, "ఆ పాటలో రూలేమైందిరా?" అని బీటును అడిగాను. "చాచాను పంపిస్తరంటే రూలెవనికి యాదికుంటది?" అన్నాడు. చాచా వెనక్కి తిరక్కుండానే, "ఆ పాట కట్టినోళ్ళ ఊర్లో పోలీసులు ఎట్లాంటోళ్ళో, పాపం" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పాటలు ఇప్పటికీ వింటాను, అవి పుట్టిన వీధుల గురించి దొరికిందల్లా చదువుతాను. నోరు విప్పకపోవడం వాళ్ళకు ప్రాణభయం, నాకేమో ఫ్యాషన్. ఆ పొద్దున మాత్రం, చాచా ఉద్యోగం పోనందుకు, ర్యాపర్లు ఏడవరని తెలిసి కూడా సీట్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.