డి డ్రైవులో అక్క పాటలు

ఈమధ్య మా ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. విజయనగరంలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు, చనిపోయిన మా అక్కకు ఒక్కగానొక్క కూతురు, మదర్‌బోర్డూ ప్రాసెసరూ మిగతా సరంజామా అంతా విడివిడిగా కొనుక్కొచ్చి, చాప పరుచుకుని కూర్చుని తన చేత్తోనే బిగించింది. మరలన్నీ బిగించి తెర వెలిగాక నావైపు తిరిగి, "ఏటెయ్యమంటావు మావా? కొత్త విండోస్ ఎయ్యనా, లినక్స్ ఎయ్యనా?" అంది. దోసె వెయ్యనా, పెసరట్టు వెయ్యనా అన్నంత తేలిగ్గా అడిగింది పాపం. నేను మాత్రం కళ్ళజోడు కడుక్కొస్తానని చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఈ ప్రశ్న నా ముందుకు ఇదివరకు ఒకసారి వచ్చింది. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఈనాటికీ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. పెళ్ళయ్యాక పొందూరులో అత్తవారింటికి వెళ్తూ నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది, బడిపంతులైన మా బావ ఒక్క రోజు కూడా ముఖం చిట్లించకుండా నన్ను చదివించాడు. నాకు గరివిడిలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే పాసింజరు బండెక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఆ బండికే వచ్చేవాణ్ణి. కంప్యూటర్ అనే మాటే మన ఈడు వాళ్ళకి కొత్తగా ఉన్న ఆ కాలంలో, విశాఖపట్నం నుంచి సామాన్లు తెప్పించి ఇంట్లో ఒకటి కట్టించాం. బావ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి, దుమ్ము పడకుండా తన ఖద్దరు కండువా కప్పాడు. దాంట్లో విండోస్ నైంటీ ఎయిట్ వేశారు. శ్రీకాకుళంలో పెళ్ళికార్డులు వేసే ఒకాయన వచ్చి తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించి వెళ్ళాడు.

బావకు ఆ తెలుగు టైపుతో పెద్ద పనే పడింది. అప్పటికే అక్క ఊపిరితిత్తులు దెబ్బతిని మంచం పట్టింది, ఎక్కువ కాలం ఉండదని డాక్టరు బావతో చెప్పేశాడు. ఖద్దరు నూలు వడకడానికి వాలుగ చేప దవడతో దూది దువ్వుకుంటూ, ఏకులు చేసుకుంటూ, రాట్నం ముందు కూర్చుని మా అమ్మమ్మా అమ్మా పాడిన పాటలన్నీ అక్కకు కంఠతా వచ్చు. పాడే ఊపిరి లేదు కనుక చరణం చరణం మాటలుగా చెప్పేది. బావ బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. మా మేనకోడలికి అప్పుడు మూడేళ్ళు. తల్లి ముఖం దానికి ఎలాగూ గుర్తుండదు, కనీసం తల్లి పాటలైనా దాని చేతికి అందాలన్నదే ఆయన ఆరాటం.

ఇంతలో మా ఆఫీసుకి కొత్త విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. తెర మీద పచ్చటి కొండ, పైన నీలాకాశం, నున్నగా మెరిసే బొత్తాలు! అది చూసి వచ్చిన కళ్ళకు ఇంట్లో ఉన్నది బూజు పట్టినట్టు కనిపించసాగింది. "పాతదే ఉండనీరా, పని జరుగుతన్నాది కదా," అన్నాడు బావ. నేను వింటేనా? ఇంటిల్లిపాదిలో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న గర్వం నెత్తికెక్కి ఉంది. ఒక ఆదివారం ఫైళ్ళన్నీ జాగ్రత్తగా డి డ్రైవులోకి మార్చి, సి డ్రైవు తుడిచేసి, ఎక్స్‌పీ వేశాను. పాటల ఫైలు తెరిచి చూస్తే తెలుగు లేదు. తెర నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ, సున్నాలూ, గీతలూ. ఆ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన తెలుగు ఆ సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెలుగు. ఫైళ్ళు మార్చాను గానీ, ఆ అక్షరాల సాఫ్ట్‌వేర్ సి డ్రైవులోనే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. శ్రీకాకుళం ఆయన ఇచ్చిన డిస్కు పెడితే ఎక్స్‌పీలో అది ఎక్కనే లేదు.

బావ తిడితే బాగుండేది. "పోన్లేరా, అచ్చరాలు పోతే ఏటి, మీ అక్క ఉన్నాది కదా," అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు నోటుపుస్తకం తీసుకుని మంచం పక్కన కూర్చుంటే వద్దన్నదీ నేనే. ఒకసారి రాసి మళ్ళీ టైపు చేసుకోవడం ఎందుకు బావా, వచ్చే ఆదివారం పాతది మళ్ళీ వేసేస్తానన్నాను. ఆయన నా మాట నమ్మి పుస్తకం మూసేశాడు. ఆ ఆదివారం ఏదో పని పడింది, ఆ పై ఆదివారం ఒంట్లో బాగోలేదు. నిజం చెప్పాలంటే, నాకా పచ్చటి కొండను వదులుకోవాలని లేదు. ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను, అంతకు మించి కారణం ఏమీ లేదు. ఆదివారాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి, వాటితో పాటు అక్క కూడా వెళ్ళిపోయింది.

ఆ కంప్యూటర్ మూలపడ్డాక దాని హార్డ్ డిస్కును బావ కండువాలోనే చుట్టి బీరువాలో దాచాను. ఎప్పటికైనా ఆ ఫైలు తెరుచుకుంటే నా తప్పు దిద్దుకున్నట్టేనని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కిందటేడు బావ కూడా పోయాడు. చివరిదాకా ఆ మాట ఎత్తలేదు, ఆ కంప్యూటర్‌ని ముట్టుకోనూ లేదు.

పెరట్లో నుంచి వచ్చి, ఆ మూట తెచ్చి మేనకోడలి ఒళ్ళో పెట్టి జరిగిందంతా చెప్పాను. అది కొత్త కంప్యూటర్‌లో ఏదో ఒకటి వేసేసి, మర్నాటికల్లా ఆ పాత డిస్కులోని ఫైళ్ళు పైకి తీసింది. ఆనాటి రాతను ఇప్పటి అక్షరాల్లోకి మార్చే సదుపాయాలు ఉన్నాయట, చిటికెలో అయిపోయింది. "ఇప్పుడు ఏటేసినా ఒకటే మావా, అచ్చరాలు ఎక్కడికీ పోవు," అంది. నిజమే. ఇప్పుడు ఫోనులో కొట్టినా, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. మన కాలానికి లేని భాగ్యం.

పాటలు ఒక్కొక్కటే చదువుతూ వచ్చింది. తల్లి మాటలు అది తన నోటితో పలుకుతుంటే తలెత్తి చూడలేకపోయాను. ఆఖరున ఒక పాట వచ్చింది.

"ఏకు సుట్టితి నత్తమ్మా, ఎండ సూసితి నత్తమ్మా,
మావ ఇంటికి రాకమున్నే..."

అంతే. ఆ తర్వాత ఖాళీ. నేను ఎక్స్‌పీ వేసిన ఆదివారానికి ముందు రోజు బావ అక్కడిదాకా కొట్టి ఆపాడు. అక్క ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది, చెప్పడానికి సిద్ధంగానే ఉంది. పోయినవి ఈ ఫైల్లో ఉన్నవి కావు, ఆ ఎనిమిది నెలల్లో నేను రాయనివ్వనివి. వీటికోసం ఇన్నేళ్ళు ఊరికే కుమిలిపోయాను.

"తరవాతేటి మావా?" అని అడిగింది మేనకోడలు.

చిన్నప్పుడు మధ్యాహ్నాలు రాట్నం పక్కన అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఆ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆ తర్వాతి చరణం రాకముందే నిద్రపోయేవాణ్ణి.