అన్నయ్య వాసన చూసిన పాత్ర

మా అన్నయ్య దేవసహాయం పోయిన వారం మంగళవారం ఉదయం తెనాలి ఆస్పత్రిలో ప్రభువునందు నిద్రించాడు. ఆ కబురు రేపల్లెలో నాకు అందేసరికి నేను ఎండుద్రాక్ష ఏరుతున్నాను. ఆదివారానికల్లా లేచి వస్తానన్నాడు కదా, వచ్చి వంక పెట్టకుండా ముందే శుభ్రం చేసి ఉంచుదామని. వంకలు పెట్టే మనిషి ఇక రాడన్న సంగతి మనసుకెక్కక, ఆ పళ్లెం చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

సంఘ పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. నేను బడికి వెళ్లినదాన్ని కాను. అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు మీదే అక్షరాలు నేర్పింది. అన్నయ్యను పరిశుద్ధుడని, మహనీయుడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అంతగా విసిగించాడు.

ఎనభైలలో అన్నయ్య తెనాలిలో ఒక రైస్ మిల్లులో ఫిట్టరు. సారాకు బానిసై, ఆ పని పోగొట్టుకుని, మా గుమ్మంలో వచ్చి పడ్డాడు. గదిలో పెట్టి బయట గడియ వెయ్యమని తనే అడిగాడు. మూడు వారాలపాటు డాక్టరుగారి మందులు, గంజి, ప్రార్థన. ఒకరోజు కిటికీ ఊచలు పీకబోతుంటే చేతిలో ఉన్న గరిటెతో ఒక్కటి వేశాను. ఆ తరువాత ఆయన సారా ముట్టలేదు. ఆ కృప దేవునిది. గరిటెను మాత్రం అన్నయ్య వదల్లేదు.

బాపట్ల సభల్లో, పొన్నూరు కూటాల్లో, తన మార్పు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ "మా చెల్లెలు సలోమి నన్ను గరిటెతో కొట్టింది, దేవునికి స్తోత్రం" అనేవాడు. బాపట్ల బస్టాండులో ఒక ముసలావిడ నన్ను ఆపి, "ఆ గరిటె చెల్లెలు నువ్వేనా అమ్మా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఆయన మీద ఎగిరాను.

"మేలు చేసినవాళ్ల పేరు చెప్పకుండా కృతజ్ఞత ఎలా చెప్పనే?" అన్నాడు.

ఆ కృతజ్ఞతకు హద్దుండేది కాదు. బస్సు దిగుతూ మెట్టు మీద నిలబడి కండక్టరుకు వందనాలు చెప్పేవాడు. దిగలేక వెనకవాళ్లు తిడితే వాళ్లకూ వందనాలే.

మా సంఘంలో ప్రభు బల్లకు, ఆరాధనలో అందరం ఒకే పాత్రలోంచి తాగడానికి, ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, కాచి వడకట్టిన రసమే వాడతాం. కాచే పని నాది. ఒక వేసవిలో బాపట్ల పెళ్లికి వెళ్తూ శుక్రవారమే కాచిపెట్టి, శనివారం రాత్రికి తిరిగొచ్చాను. ఆదివారం ఆరాధనలో అన్నయ్య పాత్ర అందుకుని, వాసన చూసి, పెదవికి తాకించకుండా పక్కాయనకు ఇచ్చేశాడు. అందరూ చూశారు. పాత్ర వదిలేసినవాడు ఏదో పాపం దాచుకున్నాడని మావాళ్ల నమ్మకం. తాగి మానేసినవాడి పాపం ఏంటో వేరే చెప్పాలా?

మధ్యాహ్నానికి సంఘపెద్ద ఒకాయన వాకిట్లోకి వచ్చి, "ఏంటండి దేవసహాయంగారూ, మళ్లీ మొదలైందా?" అన్నాడు.

"లేదండి" అన్నాడు అన్నయ్య. ఇకమీద సాక్ష్యానికి లేవొద్దని చెప్పి ఆ పెద్దాయన వెళ్లిపోయాడు. ఊరుకోలేక నేను కూడా దగ్గరికెళ్లి అన్నయ్య నోటి వాసన చూశాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

సాయంత్రం మిగిలిన రసం పారబోయబోతూ నాలుక మీద చుక్క వేసుకుంటే చురుక్కుమంది. ఎండకు పులిసి కల్లులా మారింది. అందరూ తాగారు కానీ, ఆ వాసన పోల్చుకోగలిగింది ఆయనొక్కడే.

"చెప్పవేం అన్నయ్యా?"

"నువ్వు కాచిందేగా. నీ పేరు చెప్పాల్సొస్తుంది."

"మరి గరిటె సంగతి ఊరూరా చెప్పావుగా?"

"అది నువ్వు చేసిన మేలే."

ఇలాంటి మనిషితో ఏం వేగను? మరుసటి ఆదివారం నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని నేను లేచి, రసం పులిసింది, తప్పు నాది, మా అన్నయ్యది కాదు అని చెప్పి కూర్చున్నాను. నా జన్మకు అదొక్కటే సాక్ష్యం. అప్పటినుంచి ఆదివారం ఉదయమే కాచేదాన్ని. ఆయన వంటింట్లోకొచ్చి గిన్నె మీద వంగి, వాసన చూసి, ఇంకో పొంగు రానివ్వమనేవాడు. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమూ తప్పలేదు. ఒక్క ఆదివారమూ నేను విసుక్కోకుండా లేను.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, పొద్దున రైలుకు రసం పట్టుకుని తెనాలి వెళ్లాను. అక్కడి పాస్టరుగారు మంచం దగ్గరికొచ్చి పాత్ర అందిస్తే అన్నయ్య వాసన చూడకుండా నోటి దగ్గరికి తీసుకున్నాడు.

"చూడవేం?" అన్నాను.

"నువ్వు చూసే తెచ్చుంటావుగా."

నేను చూడలేదు. రైలు హడావుడిలో మరిచిపోయాను. గబుక్కున పాత్ర లాక్కుని వాసన చూశాను. బాగానే ఉంది. పాస్టరుగారు తెల్లబోయారు. అన్నయ్య నవ్వి, స్తోత్రం అని, తాగాడు.

మొన్న ఆదివారం రసం దించి, అలవాటుకొద్దీ వాకిలివైపు చూశాను. తరువాత నేనే గిన్నె మీద వంగాను. బాగానే ఉందనిపించింది. కానీ ఆయనకు తెలిసినంత నాకేం తెలుసు? పొయ్యి మీద పెట్టి ఇంకో పొంగు రానిచ్చాను.