దుప్పటి కప్పని చెట్టు

సస్కటూన్‌లో మూడు చలికాలాలు గడిపి వాంకూవర్‌కు మారిన కొత్తలో, మా ఆయనా నేనూ ఆదివారాలు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్లేవాళ్లం. వేసవిలో కారు ఆపడానికి చోటు దొరకని ఊరు అది. చలికాలంలో మాత్రం ఐస్‌క్రీమ్ కొట్లన్నీ మూసేసి ఉండేవి, కుక్కల్ని తిప్పే ముసలివాళ్లు తప్ప ఎవరూ కనిపించేవారు కాదు. మొదటిసారి వెళ్లినప్పుడే మా ఆయన ఒక హోటల్ ముందు ఆగిపోయాడు.

"ఏందిది? కెనడాల తాటిచెట్టా?"

ఆకులు విసనకర్రల్లా ఉన్నాయి గానీ, మాను సన్నగా, కొబ్బరి పీచు చుట్టినట్టు ఉంది. చలికి తట్టుకునే పామ్ అని ఫోన్‌లో వెతికితే తెలిసింది. ఇక ఆదివారాలు మాకు ఆ చెట్లు వెతకడమే పని. బ్యాంకు వెనకాల రెండు, చర్చి గోడ పక్కన ఒకటి. ఎవరికి ముందు కనిపిస్తే వాళ్లు అరిచేవాళ్లం.

పదకొండో చెట్టు గుట్ట ఎక్కే వీధిలో ఒక ఇంటి ముందు కనిపించింది. కంచె పైనుంచి ఫోటో తీస్తుంటే ఇంట్లోంచి ఓ పెద్దాయన బయటికి వచ్చాడు. తిడతాడనుకున్నాం. లోపలికి రమ్మన్నాడు.

"నా భార్య కుండీలో తెచ్చింది. అప్పుడు ఇంతే ఉండేది," అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆవిడ పోయి చాలా ఏళ్లయిందట. చెట్టు ఇప్పుడు ఆయన కంటే ఒక మూర ఎత్తుంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆయన దగ్గర టీ తాగకుండా వచ్చేవాళ్లం కాదు.

మరుసటి జనవరిలో ఆయనకు మోకాలి ఆపరేషన్ పడింది. ఆసుపత్రి నుంచి నేరుగా చెల్లెలింటికి వెళ్లి కొన్ని వారాలు ఉంటానన్నాడు. వరండాలో ఒక పెట్టె తెరిచి, అందులో మడతపెట్టిన దుప్పటి, టార్పాలిన్, తాడు చూపించాడు.

"గట్టి చలి వస్తుందంటే ముందే స్టూలెక్కి మొవ్వు మీద, కొత్త ఆకు పుట్టే చోట కప్పండి చాలు. చలికి చావదు ఇది. మొవ్వులోకి వాన నీళ్లు దిగి గడ్డకడితేనే ప్రమాదం."

"మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా వెళ్లండి," అన్నాడు మా ఆయన.

ఫిబ్రవరిలో మా ఆయన ఆఫీసు పని మీద హాలిఫాక్స్ వెళ్లాడు. ఇక్కడ మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. శనివారం ఉదయం, సాయంత్రానికల్లా ఉత్తరం నుంచి చలిగాలి దిగుతుందని ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది. ఆ ఊరు నలభై నిమిషాల డ్రైవ్. నాకు పనేమీ లేదు. కదలబుద్ధి కాలేదు, అంతే. చలికి తట్టుకునే చెట్టే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. "పెద్దాయన చెట్టుకు కప్పినవా?"

"ఆ, కప్పాను."

ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

"తాడు గట్టిగ కట్టినవ్ కదా? గాలికి లేచిపోతది."

"కట్టాను."

ఇంకా మూడు గంటల వెలుతురు ఉంది. అప్పుడు బయల్దేరినా ఆ అబద్ధాన్ని నిజం చెయ్యగలిగేదాన్ని. కిటికీ దగ్గర కూర్చుని మంచు మొదలవడం చూశాను.

మార్చి చివర్లో పెద్దాయన ఇంటికి వచ్చాడని తెలిసి వెళ్లాం. కర్ర పట్టుకుని చెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. చుట్టూ ఆకులు పచ్చగానే ఉన్నాయి. నాకు ప్రాణం కుదుటపడింది. ఆయన మధ్యలోని విచ్చుకోని ఆకును వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగాడు. ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలు గోధుమ రంగుకు తిరిగి కుళ్లిపోయి ఉంది, పులిసిన వాసన.

"తను ఒక్కతే వచ్చి స్టూలెక్కి కప్పింది," అన్నాడు మా ఆయన, నన్ను చూపిస్తూ.

పెద్దాయన కర్రను కంచెకు ఆనించి, నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మీరు చెయ్యగలిగింది చేశారు. ఒక్కోసారి అంతే," అన్నాడు. ఆయన వెనక వరండాలో పెట్టె మూత తెరిచి ఉంది. దుప్పటి ఆయన పెట్టిన మడతలోనే ఉంది. ఆయన గమనించాడో లేదో నాకు తెలీదు.

మే నెలలో ఒకరోజు కారులో వెళ్తూ మా ఆయనకు నిజం చెప్పాను.

"నాకు కాదు. పెద్దాయనకు చెప్పు," అన్నాడు.

వచ్చే ఆదివారం అన్నాను. ఆ ఆదివారం తలనొప్పి అన్నాను, ఆ తర్వాతి వారం ఇంట్లో పని అన్నాను. మూడో ఆదివారం వెళ్లేసరికి పెద్దాయన ఇంటి ముందు అమ్ముడైందన్న బోర్డు ఉంది. చెట్టును మొదలంటా కోసేశారు. ఆయన చెల్లెలి దగ్గరికి పూర్తిగా వెళ్లిపోయాడని పక్కింటావిడ చెప్పి, ఫోన్ నంబర్ ఇచ్చింది.

ఆ వారమే ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. నేనెవరో చెప్పగానే సంతోషపడ్డాడు. మీ ఆయన ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడన్నాను. కొత్త మోకాలితో రోజూ వీధి చివరిదాకా నడుస్తున్నానని చాలాసేపు చెప్పాడు. అంతా విన్నాను. జాగ్రత్తగా ఉండమని చెప్పి ఫోన్ పెట్టేశాను.